చట్టం వదిలేసిన తనిఖీ: మందు కొట్టే డ్రోన్‌ను యజమానే ఎలా చూసుకోవాలి

రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయంలో ఎవరైనా రెండు సీట్ల సెస్నా ఒకటి సొంతంగా పెట్టుకున్నారనుకోండి. 50 గంటలు ఎగిరితే ఒక తనిఖీ, 100 గంటలకు ఇంకాస్త లోతైన తనిఖీ, ఏడాది తిరిగేసరికి ఎయిర్‌వర్దీనెస్ రివ్యూ, అంటే ఎగరడానికి పనికొస్తుందా లేదా అన్న పరిశీలన. లైసెన్సున్న ఇంజనీరు లాగ్‌బుక్‌లో సంతకం పెడితేనే అది మళ్లీ గాల్లోకి లేస్తుంది. మండపేట చేలో 10 లీటర్ల ట్యాంకు మోస్తూ వరి మీద మందు కొట్టే డ్రోన్ కూడా చట్టం లెక్కలో విమానమే. దానికి మాత్రం అలా సంతకం పెట్టేవాళ్లు లేరు. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్, అంతకుముందున్న ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్‌నూ మెయింటెనెన్స్ సర్టిఫికెట్‌నూ ఎత్తేశాయి. కాగితాల కోసం తిరిగే బాధ తప్పింది, మంచిదే. కానీ ఆ ఇంజనీరు చేసే పని కూడా యజమాని నెత్తిన పడిందన్న సంగతి కొన్నవాళ్లలో చాలామందికి తెలియదు.

ఇక్కడ చెప్పేదంతా ఆరు మోటార్లు, 12ఎస్ బ్యాటరీ, 10 లీటర్ల ట్యాంకు ఉండే డ్రోన్‌ను దృష్టిలో పెట్టుకుని. మీ కంపెనీ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే ఆ అంకెనే పాటించండి.

ముందు కాగితాలు

టైప్ సర్టిఫికెట్ అనేది మోడల్‌కు ఇచ్చేది. అంటే ఫలానా ఫ్రేము, ఫలానా మోటార్లు, ఫలానా బ్యాటరీతో పరీక్షించి డీజీసీఏ (దేశంలో విమానాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) ఒప్పుకున్న మోడల్ అని అర్థం. మీ డ్రోన్‌కు విడిగా వచ్చేది యూఐఎన్ నంబరు. ఇది బండి నంబరు లాంటిది, ఫ్రేము మీద చెరిగిపోకుండా ఉండాలి. ఆ నంబరుకు మూడు సీరియల్ నంబర్లు ముడిపడి ఉంటాయి: డ్రోన్‌ది, లోపల డ్రోన్‌ను నడిపించే బోర్డు ఫ్లైట్ కంట్రోలర్‌ది, చేతిలో పట్టుకునే రిమోట్‌ది. రిమోట్ కాలువలో పడి కొత్తది కొన్నా, కంట్రోలర్ కాలిపోయి మార్చినా, కొత్త సీరియల్ నంబరు ప్రభుత్వ డ్రోన్ పోర్టల్‌లో ఎక్కించాకే ఎగరేయాలి. వర్క్‌షాపు వాళ్లు పార్టు మార్చి ఇచ్చేస్తారు. నంబరు ఎక్కించే పని మాత్రం మీదే.

బరువు దగ్గర జాగ్రత్త. ట్యాంకు నిండా మందుతో, బ్యాటరీలతో కలిపి 25 కిలోల లోపుంటే స్మాల్, అది దాటితే మీడియం. 10 లీటర్ల డ్రోన్‌కు 16 లీటర్ల ట్యాంకు తగిలిస్తే రోజుకు నాలుగు ఎకరాలు ఎక్కువ కొట్టొచ్చని కొందరు ఆశ పెడతారు. ఆ పని చేస్తే డ్రోన్ టైప్ సర్టిఫికెట్‌కు బయట పడుతుంది. బరువు 25 కిలోలు దాటితే మీ పైలట్ సర్టిఫికెట్ కూడా దానికి సరిపోకపోవచ్చు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రమాదం జరిగితే బీమా వాళ్లు మొదట అడిగేవి ఈ కాగితాలే. పోర్టల్‌లో ప్రమాదం సంగతి తెలపడానికి గడువు 48 గంటలు.

మధురపూడి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8-12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు వరకే గ్రీన్ జోన్, అంటే అనుమతి అడగకుండా ఎగరేయగలిగే చోటు. అంతకంటే దగ్గరి పొలమైతే మ్యాపు చూసి, అనుమతి తీసుకున్నాకే ఎగరేయాలి.

బ్యాటరీలు

డ్రోన్ కూలిపోయిందంటే చాలాసార్లు వేలు చూపించాల్సింది బ్యాటరీ వైపే. అందుకే దీని మీద ఎక్కువసేపు ఆగుదాం.

12ఎస్ అంటే 12 సెల్స్ వరుసగా. సాధారణంగా రెండు 6ఎస్ ప్యాకులను జత కలిపి వాడతారు. నిండా ఎక్కితే సెల్లుకు 4.2 వోల్టులు, మొత్తం 50.4. కొన్న రోజే రెండు ప్యాకుల మీదా చెరిగిపోని పెన్నుతో 1అ, 1ఆ అని రాయండి. తర్వాతి జత 2అ, 2ఆ. ఈ జతలు ఎప్పుడూ విడిపోకూడదు. కొత్త ప్యాకుతో పాతదాన్ని కలిపితే పాతది ముందు ఖాళీ అవుతుంది. రిమోట్ మీద కనిపించేది మొత్తం వోల్టేజీ కాబట్టి ఆ సంగతి మీకు తెలియదు. స్క్రీన్ మీద 44 ఉంటుంది, లోపల ఒక సెల్ మాత్రం 3.2కి పడిపోయి ఉంటుంది.

ఎగరేసే ముందు చెకర్ పెట్టి సెల్స్ వోల్టేజీ ఒక్కొక్కటీ చూడండి. ఎక్కువ, తక్కువల మధ్య తేడా 0.03 వోల్టు లోపు ఉంటే మంచి ప్యాకు. 0.05 దాటితే బ్యాలెన్స్ ఛార్జింగ్ (సెల్స్ అన్నింటినీ సమం చేసే ఛార్జింగ్) పెట్టి మళ్లీ చూడాలి. బ్యాలెన్స్ చేశాక కూడా రెండు మూడు ఫ్లైట్లకే తేడా 0.1కి చేరుతోందంటే ఆ ప్యాకు పని అయిపోయినట్టే. వేరే దేనికైనా పనికొస్తుందని ఇంట్లో దాచకండి.

గాల్లో ఉండగా పెట్టుకోవాల్సిన హద్దులు: 44.4 దగ్గర మొదటి హెచ్చరిక, 43.2 దగ్గర దిగిపోవాలి, 42 కిందికి ఎప్పుడూ పోకూడదు. సెల్లుకు లెక్కేస్తే 3.7, 3.6, 3.5. చివరి నాలుగు సాళ్లు అయిపోతే ఎకరం పూర్తవుతుంది కదా అని 42 దాకా లాగడం వల్ల ప్యాకులు ఒక్క దాళ్వాకే ఉబ్బిపోతాయి. ఈ లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వోల్టేజీ చాలాసేపు నెమ్మదిగా పడుతూ, ఒక గీత దాటాక ఒక్కసారిగా జారిపోతుంది. ఆ గీత దాటితే దింపే వ్యవధి కూడా ఉండదు.

ఇంకో పరీక్ష చాలా ఉపయోగం. ప్యాకు కొత్తగా ఉన్నప్పుడు నిండా ఛార్జ్ చేసి, ట్యాంకు నిండా మంచినీళ్లు పోసి, రెండు మీటర్ల ఎత్తున 30 సెకన్లు నిలబెట్టి వోల్టేజీ ఎంతకు పడిందో లాగ్‌బుక్‌లో రాయండి. నెలకోసారి ఇదే పరీక్ష చేయండి. మొదటి రోజు కంటే ఒకటిన్నర వోల్టు ఎక్కువ పడుతోందంటే ప్యాకు లోపలి రెసిస్టెన్స్ పెరిగింది. ఆ జతను మళ్లీ నిండు ట్యాంకుతో వాడొద్దు.

దిగిన వెంటనే ఛార్జింగ్ పెట్టకూడదు. చేతికి వెచ్చగా తగులుతోందంటే ఇంకా ఆగాలి. 40 డిగ్రీల లోపుకు చల్లారాకే పెట్టాలి. మే నెలలో రేకుల షెడ్డు కింద అది జరిగే పని కాదు, కొబ్బరి చెట్ల నీడకు తెచ్చుకోండి. చల్లారాలని నీళ్ల బకెట్‌లో ముంచేవాళ్లున్నారు, కనెక్టరు లోపలికి నీళ్లు పోతే మర్నాడే చిలుము పడుతుంది. 16 ఆంపియర్ అవర్ ప్యాకుకు 16 ఆంపియర్లతో పెడితే దాదాపు గంట పడుతుంది. ఫాస్ట్ ఛార్జర్ ఉన్నా తొందర లేని రోజు ఇంత నెమ్మదిగానే పెడితే ప్యాకు ఎక్కువ కాలం వస్తుంది. పొలంలో జనరేటర్ మీద ఛార్జ్ చేసేటప్పుడు ముందు జనరేటర్ స్టార్ట్ చేసి, నిలకడగా తిరుగుతోందని చూసుకుని ఛార్జర్ తగిలించాలి. ఆపేటప్పుడు ముందు ఛార్జర్ తీసేయాలి.

పని లేని రోజుల్లో నిండా ఛార్జ్ చేసి ఉంచకండి. ఖాళీగానూ ఉంచకండి. సెల్లుకు 3.80-3.85, అంటే మొత్తం 45.6 నుంచి 46.2 మధ్య ఉంచాలి. రేపు కొడదామని ఛార్జ్ చేసి వాన పడి వారం ఆగిపోతే, మూడో రోజుకల్లా స్టోరేజ్ మోడ్‌లో పెట్టి దించేయాలి. సార్వా వానల్లో ఇది తరచూ ఎదురయ్యే సమస్య. ఇలా నిండా ఛార్జ్‌తో పడి ఉండడం కూడా ప్యాకులు ఉబ్బడానికి కారణమవుతుంది.

ఉబ్బిన ప్యాకును, కింద పడి మూల నలిగిన ప్యాకును ఇంట్లోకి తేవద్దు. ఇసుక పోసిన ఇనుప డబ్బాలో ఆరుబయట పెట్టండి. గోదావరి ఇసుకకు మన దగ్గర కొదవేం లేదు. ఛార్జింగ్ చోట కూడా ఒక బకెట్ ఇసుక ఉండాలి. మంచం కింద, వంటింట్లో, గడ్డివాము పక్కన ఛార్జింగ్ పెట్టకూడదు.

రెక్కలు, మోటార్లు, చేతులు

ప్రతిరోజూ మొదటి ఫ్లైట్‌కు ముందు, బ్యాటరీ పెట్టకుండా, పది నిమిషాలు. ఒకే మోటారు దగ్గర మొదలుపెట్టి గడియారం తిరిగే వైపు వెళ్లండి. రోజూ ఒకటే వరుస అయితే ఏదీ మరిచిపోరు.

రెక్క (ప్రొపెల్లర్) అంచు మీద వేలు నడపండి. కొబ్బరాకు తగిలితే కార్బన్ రెక్క అంచున సన్నని చీలిక పడుతుంది, కంటికి ఆనదు, వేలికి దొరుకుతుంది. 2 మిల్లీమీటర్లు మించి గంటు పడినా, పొర లేచినా మార్చాలి. ఫెవిక్విక్ అంటించి నడిపించే పని వద్దు. ఒక్క బ్లేడు మార్చకండి, ఆ మోటారు మీదున్న జత మొత్తం మార్చండి. బరువు తేడా వస్తే వణుకు పుడుతుంది, ఆ వణుకే మోటారు బేరింగునూ పైపుల స్క్రూలనూ తినేస్తుంది. మడిచే రెక్క మధ్యలో ఉండే ప్లాస్టిక్ వాషర్ అరిగితే రెక్క లొడలొడలాడుతుంది. బ్లేడును అడ్డంగా పట్టుకుని వదిలితే నెమ్మదిగా వాలాలి. టపీమని పడితే బిగువు చాలదు, అసలు వాలకపోతే మరీ బిగిసింది.

మోటారును చేత్తో తిప్పండి. గరగరమంటే బేరింగులోకి మట్టో, ఎండిన మందో చేరింది. పైకి కిందికి లాగి చూస్తే ఆట ఉండకూడదు. సాయంత్రం పని అయ్యాక దిగిన వెంటనే ఆరు మోటార్ల మీదా చేతి వెనక భాగం ఆనించి చూడండి. ఐదు గోరువెచ్చగా ఉండి ఒకటి కాలుతోందంటే ఆ మోటారు మిగతావాటి కంటే ఎక్కువ కష్టపడుతోంది: బేరింగైనా పోతోంది, మోటారైనా ఒక పక్కకు ఒరిగి ఉంది. ఈ ఒక్క అలవాటు చాలా డ్రోన్లను కాపాడుతుంది, ఖర్చేమీ లేదు.

ఒరగడం అంటే ఏమిటంటే, మోటార్లను మోసే డ్రోన్ చేతులన్నీ కార్బన్ పైపులు. గట్టు మీద దింపేటప్పుడు ఒక కాలు బోదెలో పడితే పైపు క్లాంపులో కొద్దిగా తిరిగిపోతుంది. కంటికి తెలియదు. గాల్లో డ్రోన్ ఒకవైపు తిరగబోతుంటే, కంట్రోలర్ రెండో వైపు మోటార్లను గట్టిగా తిప్పి సరిచేస్తుంటుంది. ఫ్లైట్ కంట్రోలర్‌లో ఆర్డూపైలట్ అనే సాఫ్ట్‌వేర్ ఉన్న డ్రోన్ అయితే లాగ్‌లో మోటార్ల అవుట్‌పుట్ తీసి చూడండి. గాలి లేనప్పుడు ఒకచోట నిలబెట్టిన సమయంలో, కుడివైపు తిరిగే మూడు మోటార్ల సగటు, ఎడమవైపు తిరిగే మూడింటి సగటు దాదాపు సమానంగా ఉండాలి. ఒక గుంపు బాగా పైన, ఇంకో గుంపు బాగా కింద ఉంటే ఏదో ఒక చేయి తిరిగింది. నేల మీద పెట్టి ప్రతి మోటారు నెత్తిన చిన్న బుడగమట్టం పెట్టి సరిచేయాలి. అదే లాగ్‌లో వైబ్రేషన్ అంకె కూడా చూడండి. 30 దాటి ఉంటుంటే రెక్కలు, బేరింగులు, కంట్రోలర్ కింది రబ్బర్లు అనుమానించాలి.

పైపు మీద రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పోండి. మంచి పైపు ఖంగుమంటుంది, లోపల పగిలిన చోట డొల్ల శబ్దం వస్తుంది. మడత క్లాంపులో సన్నగీత కనిపిస్తే ఆ రోజు పని లేదు. లోహంలోకి పోయే స్క్రూలకు లాక్‌టైట్ 243 లాంటి నీలంరంగు జిగురు చాలు. ఎర్రది వాడితే మళ్లీ ఊడదీయలేరు. ప్లాస్టిక్‌లోకి పోయే స్క్రూలకు ఏ జిగురూ వద్దు, ప్లాస్టిక్ పగిలిపోతుంది. బిగించాక స్క్రూ తల మీదుగా తెల్ల పెయింట్ పెన్నుతో గీత గీయండి. రేపు ఆ గీత విరిగి కనిపిస్తే వదులైనట్టు దూరం నుంచే తెలిసిపోతుంది.

నాజిల్ బొట్టు, రొయ్యల చెరువు

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వరి చేనుకూ రొయ్యల చెరువుకూ మధ్య ఒక్క గట్టే ఉండే చోట్లు బోలెడు. పురుగుమందుల్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు రొయ్యకు, చేపకు విషం, చాలా కొద్ది మోతాదుకే. గాలికి కొట్టుకుపోయే మందు గురించి అందరూ జాగ్రత్తపడతారు. నాజిల్ బొట్టు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

పంపు ఆగగానే నాజిల్ ఆగాలి. ఆ పని చేసేది నాజిల్ బాడీలోని చిన్న రబ్బరు పొర, స్ప్రింగు. రబ్బరు గట్టిపడినా, కింద మందు పొడి ఇరుక్కున్నా బొట్లు కారుతూనే ఉంటాయి. ట్యాంకు ఖాళీ కాగానే డ్రోన్ తిన్నగా మీ దగ్గరకు వచ్చేస్తుంది, మధ్యలో చెరువున్నా సరే. కారే నాజిల్‌తో ఆ చెరువు దాటితే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. పైగా తప్పు మీదని తేల్చడం ఆ చెరువు రైతుకు పెద్ద కష్టం కాదు.

కాబట్టి ప్రతి ఉదయం: ట్యాంకులో రెండు లీటర్ల మంచినీళ్లు పోసి, రెక్కలు తిరగకుండా పంపు మాత్రం అర నిమిషం నడిపి ఆపండి. మూడు సెకన్ల తర్వాత కూడా బొట్టు పడుతుంటే ఆ నాజిల్ విప్పి పొర తీసి, సబ్బునీళ్లలో కడిగి, గట్టిగా ఉంటే కొత్తది వేయండి. ఈ పొరలు సీజన్‌కు ఒక సెట్టు చొప్పున ముందే తెచ్చిపెట్టుకోవాలి. ఎంత బాగున్నా సరే, చెరువు పక్క చేలో తిరిగొచ్చే దారిని చెరువు మీదుగా కాకుండా పెట్టుకోండి, గాలి చెరువు వైపు వీస్తుంటే ఆ రోజు ఆ చేను వదిలేయండి.

ఇక కొలత. నాజిల్ రంగును బట్టి సైజు చెప్పే ఒక అంతర్జాతీయ లెక్క ఉంది. నారింజ రంగు 01, ఆకుపచ్చ 015, పసుపు 02, నీలం 03. ఆకుపచ్చ 015 నాజిల్ 3 బార్ ఒత్తిడి దగ్గర నిమిషానికి 0.59 లీటర్లు పోస్తుంది. నాలుగు నాజిళ్లకు 2.36 లీటర్లు. సెకనుకు 4 మీటర్ల వేగంతో, 4 మీటర్ల వెడల్పున పోతే నిమిషానికి 960 చదరపు మీటర్లు తడుస్తాయి. ఎకరం 4,047 చదరపు మీటర్లు, అంటే నాలుగుంపావు నిమిషాలు. ఆ లెక్కన ఎకరాకు దాదాపు 10 లీటర్లు. మీ ట్యాంకు ఒక ఎకరానికి సరిగ్గా సరిపోవాలి. ఎకరం అయ్యేసరికి లీటరున్నర మిగిలిందంటే ఏదో నాజిల్ మూసుకుపోయింది. ఎకరం పూర్తి కాకుండానే అయిపోయిందంటే నాజిల్ అరిగింది.

అరిగిందో లేదో తేల్చడానికి ఒక్కో నాజిల్ కింద ఒక్కో కొలజాడీ పెట్టి, నిమిషం పాటు పంపు నడపండి. 0.65 దాటి పోస్తే, అంటే పదింటికి ఒక వంతు ఎక్కువైతే, పారేయాలి. ఒక్కటి అరిగినా నాలుగూ మార్చడం మంచిది. మూసుకుపోయిన నాజిల్‌ను పిన్నుతో గుచ్చితే రంధ్రం ఆకారం పోతుంది. పాత టూత్‌బ్రష్, నీళ్లు చాలు. నోటితో ఊదే అలవాటు ఉన్నవాళ్లు ఇవాళే మానేయండి.

జూలై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు తగిలాక కాలువల్లో ఒండ్రు పోటెత్తుతుంది. ఆ నీళ్లు తిన్నగా ట్యాంకులో పోస్తే ఫిల్టరు రెండో ట్యాంకుకే పూడుతుంది. ముందురోజు రాత్రి డ్రమ్ములో పట్టి, తేరాక పైనీళ్లు తీసుకుని గుడ్డలో వడకట్టాలి. బంకమన్ను కొన్ని కలుపు మందులను పట్టేసుకుని పని చేయనివ్వదు కూడా. పొడి మందులు తిన్నగా ట్యాంకులో వేయొద్దు. బకెట్‌లో కొద్ది నీళ్లతో జారుగా కలిపి, వడకట్టి పోయాలి. నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలకు ఇచ్చే కిట్‌లో గాలి వేగం కొలిచే మీటరు, నీటి పీహెచ్ కొలిచే మీటరు కూడా ఉంటాయి. పెట్టెలో అలాగే ఉంచేయకుండా వాడండి. గాలి సెకనుకు 3 మీటర్లు దాటితే ఆపేయాలి. సముద్రం దగ్గరి మండలాల్లో మధ్యాహ్నానికి గాలి లేస్తుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి తొమ్మిదిన్నర లోపు ముగించుకోవడం మేలు.

సాయంత్రం ట్యాంకును మూడుసార్లు కడగాలి, ప్రతిసారీ రెండు లీటర్లతో, పంపు నడిపి నాజిళ్ల గుండా పోనివ్వాలి. ఆ నీళ్లు కొట్టిన చేలోనే పోయండి, కాలువలో కాదు. 2,4-డి లాంటి కలుపు మందు కొడితే దానికి ట్యాంకు, గొట్టాలు, నాజిళ్లు వేరే సెట్టు పెట్టుకోండి. గొట్టం గోడలకు అంటుకున్న 2,4-డి ఎంత కడిగినా కొంత మిగులుతుంది. సార్వా తర్వాత మినుము మీదికి అదే సెట్టుతో పురుగుమందు కొడితే ఆకులు మెలి తిరిగిపోతాయి. ఆ చేను మళ్లీ కోలుకోవడం కష్టం.

కడిగేటప్పుడు కారు వాషింగ్ గన్ వాడొద్దు. తడిగుడ్డతో తుడవడమే. ఒత్తిడి నీళ్లు మోటారు బేరింగులోకీ చేతుల్లో మోటారు వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ బోర్డుల్లోకీ దూరతాయి. అంతర్వేది, అల్లవరం, ఉప్పలగుప్తం, మొగల్తూరు లాంటి తీరం వెంబడి ఊళ్లలో ఉప్పుగాలి అదనపు శత్రువు. అక్కడ ప్రతి పనిరోజు చివర మంచినీళ్ల గుడ్డతో తుడిచాక, బ్యాటరీ కనెక్టర్లు తెరిచి చూడండి. పచ్చగా చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవాలి. నల్లగా కాలిన మచ్చలుంటే కనెక్టరు మార్చాలి. అక్కడ రెసిస్టెన్స్ పెరిగి, నిండు ట్యాంకుతో లేచేటప్పుడు వేడెక్కి కరిగిపోతుంది.

కంపాస్, సెట్టింగులు, కొబ్బరి చెట్టు

కోనసీమలో డ్రోన్లకు తలనొప్పి కొబ్బరి చెట్టు. సిగ్నల్ పోయినా, బ్యాటరీ తగ్గినా డ్రోన్ ముందు కొంత ఎత్తుకు లేచి, ఇంటిదారి పడుతుంది. ఆర్డూపైలట్‌లో ఆ ఎత్తు మార్చకపోతే 15 మీటర్లే ఉంటుంది. ఊరి గట్ల మీది పొడుగు రకం కొబ్బరి అంతకంటే పొడుగు. ఫ్యాక్టరీ సెట్టింగుతో తెచ్చుకున్నవాళ్ల డ్రోన్ తిన్నగా మట్టల్లోకి దూరుతుంది. మీ చుట్టుపక్కల అన్నింటికంటే పొడుగు చెట్టు చూసి, దానిపైన పది మీటర్లు కలిపి పెట్టండి, కోనసీమలో 35 మీటర్లు సరిపోతుంది. ఎత్తుకు లేవడానికి ఛార్జింగ్ ఖర్చవుతుంది కాబట్టే బ్యాటరీ హద్దు 43.2 కిందికి దించొద్దనేది. చెరువుల ఏరేటర్లకు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలకు) వేసిన కరెంటు తీగలు మ్యాపులో ఉండవు. మొదట గట్టంతా నడిచి చూసుకోవాలి.

రెక్కలు తీసేసి నేల మీద పెట్టి, రిమోట్ ఆపేసి చూడండి. స్క్రీన్ మీద ఫెయిల్‌సేఫ్ హెచ్చరిక, అంటే రిమోట్ సిగ్నల్ పోయిందన్న హెచ్చరిక రావాలి. రాకపోతే ఆ సెట్టింగు సరిచేసేదాకా ఎగరేయొద్దు. సీజన్ మొదట్లో ఒకసారి, రిమోట్ లేదా కంట్రోలర్ మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయాలి.

కంపాస్ క్యాలిబ్రేషన్ రేకుల షెడ్డు పక్కన, కల్వర్టు స్లాబు మీద, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర చేయకూడదు. జేబులో ఫోను, మొలకు తాళాల గుత్తి తీసేసి చేలోకి పోయి చేయండి. దూరపు మండలానికి తీసుకెళ్లినప్పుడు, లేదా డ్రోన్ ఒకచోట నిలవకుండా గుండ్రంగా తిరగబోతున్నప్పుడు మళ్లీ చేయాలి. కింద ఉండే రాడార్ ముఖాన బురద, ఎండిన మందు పేరుకుంటే ఎత్తు తప్పు చూపిస్తుంది. మెత్తని తడిగుడ్డతో రోజూ తుడవండి.

కింద పడ్డాక

చిన్నగా పడినా సరే, రెక్కలు మార్చి వెంటనే లేపొద్దు. బ్యాటరీలు తీసి పావుగంట దూరంగా పెట్టండి, దెబ్బతిన్న సెల్ ఆలస్యంగా కూడా అంటుకుంటుంది. పైపులు తట్టి చూడాలి, ఆరు మోటార్లూ బుడగమట్టంతో చూడాలి, యాంటెన్నా తీగలు, జీపీఎస్ స్తంభం చూడాలి. నీళ్లలో పడితే ఆరబెట్టి తిప్పి చూద్దామనుకోవద్దు. ఉప్పు చెరువులో పడిన ఈఎస్‌సీలను నమ్మలేం, మార్చాల్సిందే. ఆపై ఖాళీ ట్యాంకుతో ఐదు నిమిషాలు, సగం ట్యాంకు నీళ్లతో ఐదు నిమిషాలు నిలబెట్టి, మోటార్లు చేత్తో తాకి చూశాకే మందు పోయండి.

లాగ్‌బుక్

వంద పేజీల రూళ్ల పుస్తకం చాలు. ఫ్లైటుకు ఒక వరుస: తేదీ, ఊరు, ఎకరాలు, మందు, బ్యాటరీ జత నంబరు, లేచినప్పటి వోల్టులు, దిగినప్పటి వోల్టులు, పైలట్ సంతకం. కుడిపక్క పేజీ ఖాళీగా వదిలి లోపాలు, మార్చిన పార్టులు, వాటి సీరియల్ నంబర్లు అక్కడ రాయండి. సంఘం డ్రోన్‌ను ఇద్దరు ముగ్గురు నడిపితే ఇది మరీ అవసరం. నిన్న సాయంత్రం మూడో మోటారు వేడెక్కిందన్న సంగతి ఈరోజు పొద్దున నడిపే ఆమెకు ఈ పుస్తకం ద్వారానే తెలియాలి. లోపం రాసి, బాగు చేసినట్టు పక్కన సంతకం లేకపోతే ఆ డ్రోన్ లేవకూడదు. మధురపూడిలో ఆ సెస్నాకు ఇంజనీరు చేసే పని ఇదే.

పాత డ్రోన్ కొనేవాళ్లు కూడా ముందు ఈ పుస్తకమే అడగండి. పుస్తకం లేకపోతే బ్యాటరీలకు ధర కట్టకుండా బేరం చేయండి. యూఐఎన్ మీ పేరు మీదికి మారాకే డబ్బు మొత్తం ఇవ్వండి.

దాళ్వా కోతలయ్యాక సార్వా నాట్ల దాకా డ్రోన్ మూలన పడుంటుంది. ఆ నెలల్లో ట్యాంకు, గొట్టాలు పూర్తిగా ఆరబెట్టి, నాజిళ్లు విప్పి డబ్బాలో వేసి, రెక్కలు తీసి, ఎలుకలు తీగలు కొరక్కుండా మూత ఉన్న పెట్టెలో పెట్టండి. బ్యాటరీలు నెలకోసారి చూసి 45.6 కిందికి పోతే కొద్దిగా ఎక్కించండి. జూన్‌లో బయటికి తీసిన రోజు మందు కొట్టే పని ఒప్పుకోకండి. ఆ రోజంతా మంచినీళ్లతో పరీక్షలకే.